మన్యపు జ్వరము, మెదడు జిగురు

ఇంద్రావతీ నది ఒడిశాలోని కలాహండి కొండలలో పుట్టి, బస్తరు నడుమగా పడమటికి పారి, చిత్రకోట వద్ద మహాజలపాతమై దుమికి, తుదకు గోదావరిలో కలియును. దక్షిణమున శబరీ నది కోంట దాటి వచ్చి కూనవరమువద్ద ఆ గోదావరినే చేరును. తెలుగువారికిని బస్తరునకును గల చుట్టరికము కూడ ఈ నదుల దారినే నడచినది. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప కాకతీయ వంశీయుడగు అన్నమదేవుడు గోదావరి దాటి ఈ అడవులలో రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశ సంప్రదాయము. దంతేవాడలో వెలసిన దంతేశ్వరీ దేవి ఓరుగంటినుండి అతని వెంట నడచి వచ్చినదని జనశ్రుతి. భోపాలపట్నము, కోంట ప్రాంతములలో దోర్లల పలుకుబడిలో నేటికిని తెలుగు మాట వినవచ్చును. కిరండూలు ఇనుప గనులనుండి విశాఖపట్టణపు రేవునకు ఖనిజమును మోసికొనివచ్చు రైలుదారి ఈ చుట్టరికమునకు ఇరువదవ శతాబ్ది చేర్చిన కొనసాగింపు.

ఈ నదులు, ఈ అడవులు మరియొక దానికి కూడ నిలయములు. దానిని తెలుగు మన్యములో మన్యపు జ్వరమందురు. వైద్యులు మలేరియా యందురు. కొండ అడుగున పారు సన్నని సెలయేళ్ళలో ఒక జాతి దోమయు, మైదానపు నీటి గుంటలలో వేరొక జాతి దోమయు పెరుగును. అందుచేత వానకాలము మొదలు శీతకాలము వరకు జ్వరమునకు విరామముండదు. విడివిడి జిల్లాలుగా చీలకముందు బస్తరు జిల్లా కేరళ రాష్ట్రముకంటె పెద్దది. అంతటి విశాల భూభాగములో జనులు పారాలనబడు చిన్న చిన్న గుంపులుగా చెదరి నివసింతురు. వానకాలములో వాగులు పొంగినచో ఒక పారానుండి వైద్యశాలకు పోవు దారియే మూసికొనిపోవును.

గ్రిగ్సన్ 1938లో మారియా గోండులను గూర్చియు, ఎల్విన్ 1947లో మురియాల ఘోటుల్ వ్యవస్థను గూర్చియు ప్రకటించిన గ్రంథములవలన బస్తరు పండిత లోకమునకు పరిచితమయ్యెను. దసరా రథము, ఘోటుల్, ఇత్తడి బొమ్మలు, ఇప్ప పువ్వు — ఇవియే బస్తరు అన్నంతనే చదువరికి తోచునవి. కాని ఆ గుడిసెలలో తల్లులు ఎక్కువగా ఎరిగినది వేరొక దృశ్యము. ఉదయము మేకల వెంట తిరిగిన పిల్లవాడు సాయంకాలమునకు చలితో వణకును. మరునాడు ఒళ్ళు కాలిపోవును. ఆ రాత్రియో, ఆ మరునాడో కాలుసేతులు ఈడ్చుకొనిపోయి, కన్నులు తేలవైచి, పిలిచినను పలుకని స్థితి వచ్చును. దేవత ఆవహించినదనియో, ఎవరో చేతబడి చేసిరనియో భావించి ఇంటివారు సిరహాను పిలుచుట ఈ సీమ ఆచారము. ఇది మూఢత యని నవ్వుట సులభము. కాని ఒక జ్వరము మనిషి స్పృహను ఎట్లు హరించునో విద్యావంతుల లోకమునకు కూడ చాలకాలము తెలియలేదు. పూర్తిగా నేటికిని తెలియలేదు.

ఆ తెలియని భాగము కథయే ఈ వ్యాసమునకు విషయము. ఆ కథలో ముఖ్యపాత్ర వహించునవి గ్లియా కణములు. ఇవి మెదడులో నివసించుచు, చాలకాలము ఎవరి లెక్కలోనికి రాక పడియుండినవి.

మెదడు అనగానే నాడీకణములే తలపునకు వచ్చును. తలచుట, చూచుట, కదలుట అన్నియు వాని పనులే. వాని నడుమ ఖాళీని నింపు పదార్థమొకటి కలదని జర్మనీ దేశపు వైద్యుడు రుడాల్ఫ్ విర్షో 1846లో గమనించెను. పదేండ్లకు దానికి న్యూరోగ్లియా యని పేరు పెట్టెను. గ్రీకు భాషలో గ్లియా యనగా జిగురు. గోడలో ఇటుకల నడుమ సున్నమువంటిదని ఆయన ఊహ. పేరు ఒకసారి పడినచో దానిని మార్చుట కష్టము. జిగురునకు రోగముతో పని యేమి అను భావము శతాబ్దిపాటు వైద్యశాస్త్రములో నిలిచిపోయెను. నాడీకణములకంటె గ్లియా కణములు పదింతలున్నవని కూడ పాఠ్యగ్రంథములు చిరకాలము వ్రాసినవి. 2009లో బ్రెజిలు దేశపు శాస్త్రజ్ఞులు మెదళ్ళలోని కణములను నూతన పద్ధతిలో లెక్కించి, రెండును ఇంచుమించు సమానమని తేల్చిరి: 8,600 కోట్ల నాడీకణములు, దాదాపు అన్నియే ఇతర కణములు. ఎక్కువ యనుటలోను, తక్కువ చేయుటలోను మానవుడు వీని విషయమున పొరపడెను.

ఇటలీ దేశపు కామిల్లో గోల్జీ ఈ చరిత్రలో రెండు చోట్ల కనబడును. ఆయన 1870 దశకపు ప్రారంభమున మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, నక్షత్రమువలె కొమ్మలు చాచిన గ్లియా కణములు తమ కొమ్మల చివరలను రక్తనాళములకు ఆనించియుండుట చూచెను. 1873లో వెండి లవణముతో కణములకు నల్లరంగు పట్టించు విధానమును కనిపెట్టెను. ఆ గోల్జీయే 1885, 1886లలో మలేరియా రోగుల రక్తమును పరీక్షించి, పరాన్నజీవులు ఎర్రకణములను ఒక్కుమ్మడిగా పగులగొట్టుకొని వెలికి వచ్చు వేళకే చలిజ్వరము వచ్చునని నిరూపించెను. పరాన్నజీవిని మొట్టమొదట చూచినవాడు ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్. 1880 నవంబరులో, అల్జీరియా దేశపు కాన్‌స్టంటైన్ నగరమున. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదు బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో దానిని కనుగొనుట తెలుగువారికి సుపరిచితమైన కథయే.

ఈ విధముగా గ్లియా కణమును, జ్వరపు పరాన్నజీవిని ఒక్క మనిషియే పరిశోధించెను. కాని ఆ రెండు దారులు ఆయన చేతిలో కలియలేదు. ఆయన పరీక్షించినవి మూడవనాటి, నాల్గవనాటి జ్వరములు. మెదడును ముట్టడించునది ఫాల్సిపేరం అను వేరొక జాతి. బస్తరు జ్వరములలో అధికభాగమునకు మూలము ఈ ఫాల్సిపేరమే. 1890 దశకమున రోము నగరపు మార్చియాఫావా, బిగ్నామీ యను వైద్యులు ఈ జాతి జ్వరమున మరణించినవారి మెదళ్ళను కోసి చూడగా, వెంట్రుకకంటె సన్నని రక్తనాళికలన్నియు పరాన్నజీవులు నిండిన ఎర్రకణములతో క్రిక్కిరిసియుండెను. మొదటి ప్రపంచ సంగ్రామ కాలమున జర్మను వైద్యుడు హెర్మన్ డ్యూర్క్ మరియొక సంగతి గమనించెను. మూసికొనిపోయిన నాళికల చుట్టును రక్తము చిమ్మిన చోటుల గ్లియా కణములు గుమిగూడి చిన్నచిన్న కణుపులుగా ఏర్పడియుండెను. ఈ కణుపులకు నేటికిని డ్యూర్క్ పేరే నిలిచియున్నది. జిగురనుకొన్నది కదలినది, గాయమున్న చోటికి చేరినది.

ఆ దశాబ్దములోనే స్పెయిను దేశమున గ్లియా కణముల వంశవృక్షము స్పష్టమయ్యెను. 1913లో కాహాల్ బంగారు లవణముతో రంగు పట్టించి నక్షత్రాకార కణములను తేటగా చూపెను, వానిని ఆస్ట్రోసైట్లందురు. ఆయన శిష్యుడు రియో ఓర్తెగా 1919లో మైక్రోగ్లియా యను మిక్కిలి చిన్న కణములను వేరుచేసి చూపెను. ఇవి కావలివారు, మెదడులో ఎచ్చట చెడుగు కలిగినను రూపు మార్చుకొని అచ్చటికి చేరి, చచ్చినదానిని మ్రింగును. నాడీతంతులకు కొవ్వు తొడుగు తొడుగు మూడవ రకమును 1921లో ఓర్తెగాయే వివరించెను. ఇట్లు జిగురు అను ఒక్క పేరు క్రింద మూడు వేర్వేరు వృత్తులవారు కాపురముండిరని తేలెను.

ఇక అసలు చిక్కు. ఫాల్సిపేరం పరాన్నజీవి మెదడు కండలోనికి పోదు. అది ఎర్రకణములోనే యుండును. ఎర్రకణము రక్తనాళికలోనే యుండును. పరాన్నజీవి తానున్న ఎర్రకణపు పైపొరపై చిన్న చిన్న గుబ్బలను మొలిపించును. ఆ గుబ్బల సాయమున ఎర్రకణము నాళిక గోడను అంటిపెట్టుకొనును. ఆ విధముగా అది ప్లీహమునకు పోకుండ తప్పించుకొనును. ప్లీహమునకు పోయినచో అచ్చట నశించును. శత్రువు ఇంటి గోడకు వెలుపలనే నిలిచియున్నాడు. లోపలివాడు స్పృహ తప్పి పడిపోవుచున్నాడు. వార్త గోడను దాటి లోనికి ఎట్లు పోయినది?

నాళికలు మూసికొనిపోవుటవలన ప్రాణవాయువు అందక మెదడు చిక్కినదని కొందరు వాదించిరి. శరీరపు రక్షణబలము తానే అతిగా చెలరేగి విడుదల చేసిన ద్రవ్యములే విషములైనవని మరికొందరు వాదించిరి. రెండు వాదములందును సత్యమున్నది. కాని నాళిక మూసికొనిపోయినవారందరును అవిటివారు కావలెను గదా! మూడు దినములు పిలుపునకు పలుకక పడియున్న పిల్లవాడు నాల్గవనాడు లేచి గంజి అడుగుట ఈ వ్యాధిలో తరచుగా జరుగు సంగతి. నాడీకణములు చచ్చిన మెదడు ఇట్లు లేచి కూర్చుండదు. కావున చాలమందిలో మెదడు చావలేదు. దాని పని మాత్రము ఆగినది. ఆపినవారెవరు? ఇచ్చటనే గ్లియా కణములు రంగస్థలమునకు వచ్చును.

నాళిక గోడకు వెలుపలి ప్రక్కన ఆస్ట్రోసైట్ల పాదములు పరచుకొని యుండును. రక్తమునుండి మెదడునకు ఏది పోవలెను, ఏది పోరాదు అను కట్టుబాటును నిలుపుటలో వానికి పాత్ర కలదు. నాడీకణములు సందేశములకై విడుచు గ్లూటమేటు అను ద్రవ్యమును వెంటవెంటనే పీల్చివేయుట వాని మరియొక పని. ఆ ద్రవ్యము మిగిలిపోయినచో నాడీకణములు అతిగా ఉత్తేజితములై ఈడ్పులు వచ్చును. నీటి రాకపోకలకు ద్వారములును ఆ పాదములలోనే యున్నవి. 1996, 1997లలో ఆస్ట్రేలియా దేశపు సిడ్నీ నగరమున శాస్త్రజ్ఞులు మలేరియా సోకిన ఎలుకల మెదడును, కంటి లోపొరను దినదినము పరీక్షించిరి. వ్యాధి లక్షణములు పైకి కనబడక మునుపే మైక్రోగ్లియా తమ కొమ్మలను ముడుచుకొని ఉబ్బి, నాళికలవైపు చేరసాగెను. ఆస్ట్రోసైట్లు తమ క్రమమును కోల్పోయి చెదరెను. అనగా గోడ వెలుపలి అలజడిని మొదట వినినవి ఈ కణములే.

విన్న పిదప అవి చేయు పని రెండు వైపులా పదునుగల కత్తి. మైక్రోగ్లియా చెత్తను తుడుచును. కాని మితిమీరి రెచ్చినప్పుడు క్వినోలినికామ్లమువంటి నాడీవిషములను కూడ అవియే పుట్టించును. ఆస్ట్రోసైట్లు నీటిని వెడలించి వాపును తగ్గించును. అవి చెదరినచో వాపు పెరుగును. కణములలో నీటి ద్వారములను కనుగొన్నందులకు 2003లో నోబెల్ బహుమానము పొందిన పీటర్ ఆగ్రే, ఆయన సహచరులు 2013లో ఒక పరిశీలన ప్రకటించిరి. ఆస్ట్రోసైట్ల పాదములలోని ద్వారము లేకుండ పుట్టించిన ఎలుకలకు మెదడు మలేరియా మరింత తీవ్రముగా వచ్చెను. ఆ ద్వారము శత్రువు కాదు, రక్షకుడని తేలెను.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. ఎలుక మనిషి కాదు. ఎలుక మెదడు నాళికలలో ఎక్కువగా గుమిగూడునవి తెల్లకణములు. మనిషి మెదడులో గుమిగూడునవి పరాన్నజీవులతో నిండిన ఎర్రకణములు. అందుచేత ఎలుక వ్యాధిని మనిషి వ్యాధికి ప్రతిబింబముగా తీసికొనరాదని వైద్యులలో బలమైన వాదము కలదు. మనిషి మెదడు నేర్పిన పాఠములు వేరు. మలావీ దేశపు బ్లాంటైర్ నగరమున మెదడు మలేరియాతో మరణించిరని తలచిన 31 మంది పిల్లల దేహములను పరీక్షించి 2004లో ఫలితములు ప్రకటించిరి. వారిలో 7 గురి మరణమునకు కారణము వేరొక వ్యాధి. రక్తములో పరాన్నజీవి యుండుట, స్పృహ తప్పుట — ఈ రెండును కలిసినంత మాత్రమున ఒకదానికి మరియొకటి కారణము కానక్కరలేదు. కంటి లోపొరను పరీక్షించినచో నిజమైన మెదడు మలేరియాను చాలవరకు గుర్తింపవచ్చునని కూడ అచ్చటనే తెలిసెను. కంటి లోపొర మెదడు యొక్క అంశమే గదా. అచ్చటను గ్లియా కణములున్నవి.

2015లో అదే నగరమునుండి మరియొక వార్త వెలువడెను. 168 మంది పిల్లల మెదళ్ళను అయస్కాంత చిత్రణ యంత్రముతో చూచిరి. వారిలో మరణించిన 25 మందిలో 21 మందికి మెదడు విపరీతముగా వాచియుండెను. బ్రతికినవారిలో అట్లు వాచినవారికి కొలది దినములలోనే ఆ వాపు తగ్గెను. బస్తరునకు ఉత్తరముగా, అదే జ్వరారణ్య పంక్తిలోనున్న ఒడిశాలోని రూర్కెలాలో వయోజనులను ఇట్లే పరీక్షించి 2017లో ప్రకటించిరి. బ్రతికిన పెద్దలలో కూడ మెదడు వెనుక భాగమున వచ్చిన వాపు తిరిగి తగ్గునదే. చంపునది వాపు, వాపు తగ్గునట్టిది. ఈ రెండు వాక్యముల నడుమనే చికిత్స యొక్క ఆశ యున్నది.

చికిత్స చరిత్రలో మొదటి అధ్యాయము పరాన్నజీవిని చంపుట. 1820లో ఫ్రాన్సు దేశమున పెల్లెట్యే, కావెంటూ సింకోనా పట్టనుండి క్వినైనును వేరుచేసిరి. నూట ఎనుబది యేండ్లకు పైగా ప్రాణాంతక మలేరియాకు అదియే శరణ్యము. 1972లో చైనా దేశమున తూ యూయూ, ఆమె సహచరులు ఒక మాచిపత్రి జాతి మొక్కనుండి ఆర్టెమిసినిన్‌ను తీసిరి. దానికై ఆమెకు 2015లో నోబెల్ బహుమానము లభించెను. దానినుండి పుట్టిన ఆర్టెసునేటును క్వినైనుతో పోల్చి భారతదేశము, బంగ్లాదేశము, ఇండోనీషియా, మయన్మారులలో 1,461 మంది రోగులకు ఇచ్చి చూచిరి. 2005లో వెలువడిన ఫలితములనుబట్టి క్వినైను పొందినవారిలో నూటికి 22 మంది, ఆర్టెసునేటు పొందినవారిలో నూటికి 15 మంది మరణించిరి. ఆఫ్రికాలో 5,425 మంది పిల్లలపై జరిపిన పరీక్ష 2010లో అదే దారి చూపెను: 10.9, 8.5.

ఈ విజయము చిన్నది కాదు. కాని పరాన్నజీవిని అంత వేగముగా చంపినను నూటికి పదునైదుగురు ఏల మరణించిరి? పరాన్నజీవి చచ్చిన పిదపయు మెదడులో మంట ఆరలేదు గనుక. ఆ మంటను ఆర్పుటకు వైద్యులు నలువది సంవత్సరములుగా చేసిన ప్రయత్నములు ఒకదాని వెనుక ఒకటి విఫలమయ్యెను. వాపు తగ్గించునని స్టెరాయిడు మందు ఇచ్చిరి. 1982లో థాయిలాండు పరిశీలనలో దానివలన స్పృహ రాక మరింత ఆలస్యమయ్యెను. రక్షణబలము విడుచు ఒక ద్రవ్యమునకు విరుగుడు ఇచ్చిరి. 1996లో గాంబియాలో దానివలన ప్రాణములు నిలువలేదు సరికదా, బ్రతికినవారిలో నాడీలోపములు పెరిగెను. ఈడ్పులు రాకుండ ఫీనోబార్బిటాలు ఇచ్చిరి; 2000లో కెన్యాలో ఈడ్పులు తగ్గెను గాని, మందు పొందిన 170 మందిలో 30 మంది మరణించిరి; పొందని 170 మందిలో 14 మంది. మెదడునుండి నీటిని లాగు మానిటాలు ఇచ్చిరి; 2011లో రూర్కెలాలో అది మేలు చేయలేదు; స్పృహ రాక మరింత ఆలస్యమయ్యెను.

ఈ వైఫల్యముల పట్టికను నిరాశతో చదువనక్కరలేదు. మెదడు లోపలి గృహస్థులెవరో తెలియక బయటినుండి నీరు చల్లుట ఎట్టిదో ఇది చెప్పును. గ్లియా కణముల పనిని పూర్తిగా అణచినచో రక్షణ పోవును; విడిచినచో విషము పెరుగును. కావున నేటి పరిశోధన వానిని చంపుటకు గాక, వాని పనిని సరిదిద్దుటకు చూచుచున్నది. నాడీకణములు విడిచిన గ్లూటమేటును ఆస్ట్రోసైట్లు గ్లూటమినుగా మార్చును. ఆ గ్లూటమిను వాడకమును అడ్డగించు ఒక మందుతో, వ్యాధి ముదిరిన ఎలుకలు సయితము కోలుకొనెనని 2015లో ప్రకటించిరి. ఎలుకలో ఫలించినది మనిషిలో ఫలించునని చెప్పుటకు వీలులేదు. పై పట్టికయే అందులకు సాక్షి. గ్లియా కణములను గురిచేసికొని మెదడు మలేరియాను నయము చేయునని రుజువైన మందు నేటికి ఒక్కటియు లేదు. ఈ మాటను దాచిపెట్టి ఆశలు చెప్పుట చదువరికి ద్రోహము.

వరద పోయినను బురద మిగులును. మెదడు మలేరియానుండి బ్రతికి ఇంటికి పోయిన పిల్లలను ఉగాండాలో రెండేండ్లపాటు గమనించి 2008లో ప్రకటించిన పరిశీలనలో, నలుగురిలో ఒకరికి జ్ఞాపకము, ఏకాగ్రత మొదలగు శక్తులలో లోపము కనబడెను. నడచుచున్నాడు, తినుచున్నాడు, మాటలాడుచున్నాడు గనుక వాడు బాగైనాడని వైద్యశాల పుస్తకములో వ్రాయుదురు. బడిలో పాఠము పట్టుబడనప్పుడు మాత్రము వానిని మందబుద్ధి యందురు. అది జ్వరము మెదడులో విడిచిపోయిన గుర్తు కావచ్చునని ఉపాధ్యాయునికి తోచదు, తల్లికి చెప్పువారుండరు. ఆశ్రమశాలలలో చదువుకొను బస్తరు పిల్లలను తలచుకొన్నప్పుడు ఈ సంగతి మిక్కిలి బాధ కలిగించును. గిరిజన బాలుడు చదువులో వెనుకబడుటకు వంశమును, సంస్కృతిని కారణముగా చెప్పుటకు అలవాటుపడిన నోళ్ళు, వానికి చిన్ననాట ఎన్ని జ్వరములు వచ్చెనో ఒకసారి అడిగి చూడవలెను.

మందు లేనిచోట కాలమే మందు. జ్వరము వచ్చిన మొదటి దినముననే పరాన్నజీవిని గుర్తించి చంపినచో అది మెదడు నాళికల దాక పోదు. గ్లియా కణములను కలతపెట్టదు. ఈ సులభ సత్యమును బస్తరులో ఆచరణకు తెచ్చినవారిలో మితానిన్‌లు ముఖ్యులు. మితాన్ యనగా ఛత్తీసుగఢు పల్లెలలో ఇరువురు ఆచారపూర్వకముగా కట్టుకొను స్నేహబంధము. అట్టి చెలిమి కత్తె మితానిన్. 2002లో ఆ రాష్ట్రము ప్రతి పారానుండి ఒక స్త్రీని ఎన్నుకొని, ఆరోగ్య విషయములలో శిక్షణ ఇచ్చి, ఆ పేరే పెట్టెను. వేలినుండి ఒక చుక్క రక్తము తీసి కొలది నిమిషములలో ఫలితము చెప్పు పరీక్షాపట్టీ, వెంటనే ఇవ్వదగిన మందు — ఈ రెండును ఆమె సంచిలోనికి వచ్చిన నాడు వైద్యశాల వాగునకు ఇవతలికి వచ్చినట్లయ్యెను.

2020 జనవరిలో మలేరియాముక్త బస్తరు ఉద్యమము ప్రారంభమయ్యెను. జ్వరము వచ్చినవారిని మాత్రమే గాక, ఇంటింటికి పోయి అందరిని పరీక్షించుట దీని విశేషము. మొదటి విడతలో దాదాపు 14 లక్షల మందిని పరీక్షింపగా 64 వేలకు పైగా జనుల రక్తమున పరాన్నజీవి కనబడెను. అనగా నూటికి 4.6. వారిలో సగమునకు మించినవారికి జ్వరము లేదు. మాటిమాటికి జ్వరము సోకిన దేహము కొంత ఓర్పును అలవరచుకొనును. పరాన్నజీవిని మోయుచునే పొలము దున్నును. అతనినుండి దోమ దానిని గ్రహించి ఓర్పు లేని పసివానికిని, క్రొత్తగా వచ్చిన కూలివానికిని, సాయుధ దళపు సిపాయికిని అందించును. కొన్ని విడతల పిదప ఈ పాలు నూటికి ఒకటికంటె తగ్గెను.

ఈ ఫలితము ఆనందకరము. కాని పాత అనుభవమొకటి మరువరానిది. స్వాతంత్ర్యానంతరము దేశమున ఏటేట ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చుచుండెనని అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమము, 1958లో నిర్మూలన కార్యక్రమము ప్రారంభమయ్యెను. 1965 నాటికి రోగుల సంఖ్య లక్షకు దిగెను. జ్వరము పోయినదని అందరును నిద్రించిరి. 1976లో 64 లక్షల మందికి పైగా మరల సోకెను. జ్వరము తగ్గిన కొలది దేహములోని ఓర్పు కూడ తగ్గును. అట్టి స్థితిలో జ్వరము తిరిగి వచ్చినచో పిల్లలకే గాక పెద్దలకును మెదడు మలేరియా భయము హెచ్చును. కావున బస్తరులో నేడు దోమతెరలు పాతబడుటకును, పరీక్షాపట్టీలు నిండుకొనుటకును, మితానిన్ జీతము నిలిచిపోవుటకును తావీయరాదు. సగము విజయము ఈ వ్యాధి విషయమున పూర్ణ పరాజయముకంటె ప్రమాదకరము.

విర్షో జిగురు అని పేరు పెట్టిన కణములు కేవలము జిగురు కావని గ్రహించుటకు శాస్త్రమునకు నూరేండ్లకు పైగా పట్టెను. అవి పహరా కాయును, నీరు తోడును, విషమును పీల్చును, ఒక్కొక్కప్పుడు తామే విషమగును. వాని భాషను పూర్తిగా నేర్చిననాడు, మూడు దినములు పలుకక పడియున్న పిల్లవానిని లేపు మందు దొరకవచ్చును. అంతవరకు వానిని కాపాడునది వాగు దాటి వచ్చు ఒక స్త్రీ, ఆమె సంచిలోని చిన్న పట్టీ, ఆనాడే మ్రింగించిన మాత్ర. బ్రతికి వచ్చినవానిని బడిలో ఓపికతో గమనించు ఉపాధ్యాయుడు కూడ తోడైనచో, చికిత్స అను మాటకు బస్తరులో పూర్ణార్థము చేకూరును.